థర్మామీటర్ పగిలితే చీపురు పట్టకండి

ప్రశ్న: మాది బరంపురం. మొన్న పాత గాజు థర్మామీటర్ జారిపడి పగిలిపోయింది, పాదరసం గుళ్ళు గుళ్ళుగా మంచం కిందంతా దొర్లింది. మా ఐదేళ్ళ బాబు వాటితో ఆడాడు, ఒకటి మింగాడేమో అని డౌట్. నేను చీపురుతో ఊడ్చేశా. చేత్తో కూడా ఏరాను, బంగారు ఉంగరం తెల్లగా అయిపోయింది, స్టవ్ మీద కాలిస్తే పోతుందంటున్నారు పక్కింటివాళ్ళు. చేపల్లో కూడా పాదరసం ఉంటుందట కదా, మా చెల్లి కడుపుతో ఉంది, తినొచ్చా?
— ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు ఆ ఉంగరం స్టవ్ దగ్గరికి తీసుకెళ్ళకండి, దయచేసి. బంగారంలో కలిసిపోయిన పాదరసం వేడికి ఒక్కసారిగా ఆవిరై వంటగదంతా నిండుతుంది, అది పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి కంసాలికి ఇవ్వండి, పాదరసం అంటిందని ముందే చెప్పండి, పాపం ఆయనా పీల్చకూడదు కదా.

బాబు మింగాడని హడలిపోవద్దు. ఈ లోహం పేగుల్లోంచి ఒంటికి దాదాపు పట్టదు, దొడ్డికెళ్ళినప్పుడు బయటికి పోతుంది, వాంతి చేయించకండి. గాజు ముక్క మింగాడనిపిస్తే మాత్రం వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

అసలు భయపడాల్సింది గాలికి. పాదరసం మామూలు గది వేడికే కొంచెం కొంచెంగా ఆవిరవుతూ ఉంటుంది, రంగుండదు వాసనుండదు, పీల్చినదాంట్లో 80 శాతం దాకా ఒంట్లోనే ఉండిపోతుంది. థర్మామీటర్‌లో ఉండేది గ్రాము అటూ ఇటూ, ఒక్కసారికి పెద్ద ప్రమాదం కాదు, కానీ ఊడిస్తే గుళ్ళు ఇంకా చిన్నగా చితికి గచ్చు పగుళ్ళలోకి దూరి నెలల తరబడి ఆవిరవుతూనే ఉంటాయి. అలా రోజూ పీలిస్తే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, మతిమరుపు, చిగుళ్ళ వాపు వస్తాయి.

అందుకని పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి, కిటికీలు తీసి ఉంచండి. రాత్రి లైటు ఆర్పి టార్చి నేలకి ఆనించి వేస్తే మిగిలిన గుళ్ళు తళుక్కుమంటాయి, గ్లౌజులు వేసుకుని, ఒంటిమీద బంగారం తీసేసి, రెండు అట్టముక్కలతో ఒకచోటికి నెట్టి, సన్నవాటిని టేపుతో అంటించి తీసి, నీళ్ళు పోసిన సీసాలో వేసి మూత బిగించండి. సింకులో పోయొద్దు. ఆ చీపురు మళ్ళీ వాడకండి, కవర్లో కట్టేయండి. సీసాని ఎక్కడివ్వాలో దగ్గర్లోని ఆస్పత్రిలో అడగండి.

చేపల సంగతి వేరు. నీళ్ళలో చేరిన పాదరసాన్ని బ్యాక్టీరియా మిథైల్ మెర్క్యురీగా మారుస్తుంది, ఇది లోహంలా కాదు, తింటే దాదాపు మొత్తం ఒంటికి పట్టేస్తుంది, ఎంత ఉడికించినా పోదు. జపాన్‌లో మినమాటా దగ్గర కెమికల్ ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలింది ఇదే, అక్కడి చేపలు తిన్నవాళ్ళలో 1956లో జబ్బు బయటపడింది, పైకి బాగానే ఉన్న తల్లులకి కూడా మెదడు దెబ్బతిన్న పిల్లలు పుట్టారు, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. చిన్న చేపల్ని తినే పెద్ద చేపల్లోనే ఇది ఎక్కువ పోగవుతుంది. కాబట్టి చెల్లికి సొర, కొమ్ముకోనాం పెట్టకండి. కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు వారానికి రెండు మూడుసార్లు హాయిగా తినమనండి, బిడ్డకి మంచిది, చేప మొత్తానికే మాన్పించొద్దు.