శంకుస్థాపనకు ముందు తీయవలసిన లెక్క

చిరంజీవికి ఆశీస్సులు.

ఒకే కర్మాగారాన్ని నమ్ముకున్న ఊరి అభివృద్ధి పథకం నీ చేతికి వచ్చిందని తెలిసి సంతోషించాను, కొంచెం దిగులుపడ్డాను కూడా. నిధులు మంజూరు కాగానే పైనుంచి వచ్చే మొదటి ప్రశ్న శంకుస్థాపన ఎప్పుడని. ఆ ఒత్తిడికి లొంగకు.

ముందు ఒక్క లెక్క తీయి. జీతాలు కాక ఆ కర్మాగారం మీద ఊరికి ఇంకా ఏమేం ఆధారపడి ఉన్నాయి? మంచినీటి పంపులు ఎవరి కరెంటుతో నడుస్తున్నాయి, ఆసుపత్రిలో డాక్టరుకు జీతం ఎవరిస్తున్నారు, కార్మికుల ఇళ్లు ఎవరి పేరున ఉన్నాయి, ఊరికి వచ్చే పన్నుల్లో ఆ సంస్థ వాటా ఎంత? రష్యాలోని పికల్యోవోలో 2009లో ఏం జరిగిందో చూడు. కర్మాగారాలు ఆగిపోయాయి. ఊరికి వేడినీళ్లిచ్చే విద్యుత్ కేంద్రమూ కర్మాగారానిదే. గ్యాసు బకాయిలు పేరుకుపోయి అదీ ఆగింది. ఉద్యోగం పోయినవాళ్లతో పాటు ఆ కర్మాగారంతో ఏ సంబంధమూ లేని టీచరు ఇంట్లోనూ కుళాయి చల్లబడింది. జనం రహదారి మీద బైఠాయిస్తే ప్రధాని పుతిన్ స్వయంగా రావలసి వచ్చింది. అందుకే నీ నిధుల్లో మొదటి వాటా ఇలాంటి ముడులు విప్పడానికే పెట్టు. నీళ్లు, వైద్యం ఊరి చేతికి రావాలి. ఇవి ఫొటోల్లో కనిపించే పనులు కావు, అయినా వీటినే ముందు చేయి.

కొత్త ఉపాధి విషయంలో జపాన్‌లోని యుబారిని మరిచిపోవద్దు. బొగ్గు గనులు ఒక్కొక్కటే మూతపడుతుంటే నగరపాలక సంస్థ అప్పులు తెచ్చి వినోద పార్కులు, హోటళ్లు కట్టింది. అప్పు సుమారు 3,500 కోట్ల యెన్లకు చేరి 2007 నాటికి నగరమే దివాలా తీసింది. పర్యాటకాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఒక్కదాని మీద బతికిన ఊరిని తీసుకెళ్లి మరొక్కదాని మీద నిలబెట్టడం నాకు భయం.

కెనడాలోని ఎలియట్ లేక్ వాళ్లు యురేనియం గనులు మూతపడినప్పుడు చేతిలో ఉన్నదేమిటో చూసుకున్నారు. కార్మికులు ఖాళీ చేసిన ఇళ్లున్నాయి. వాటిని తక్కువ అద్దెకు పదవీ విరమణ చేసినవారికి ఇచ్చారు. ఊరు చిన్నదైంది కానీ నిలిచింది.

శిక్షణ కేంద్రం పెట్టే ముందు, నేర్చుకున్నవారికి పని ఇచ్చేదెవరో రాతపూర్వకంగా తెచ్చుకో. నలభై అయిదేళ్ల వెల్డరుకు కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ కంటే పక్క పట్టణంలో షిఫ్టు మొదలయ్యే వేళకు చేర్చే బస్సు ఎక్కువ మేలు చేయవచ్చు. అడిగితే వాళ్లే చెబుతారు.

నీటి పంపులు, కరెంటు లైన్ల పటం యాజమాన్యం దగ్గర ఉంటుంది. ఈ వారమే అడుగు. లెక్క పూర్తయ్యాక నాకూ ఒక ప్రతి పంపు.