స్టెప్ నేర్పకుండా ఉండగలరా?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం, సైకాలజీ చదువుతున్నాను. పన్నెండేళ్లుగా శాస్త్రీయ నృత్యం నేర్చుకుంటున్నాను. ఆటిజం ఉన్నవారితో నృత్యం ద్వారా పనిచేయాలని ఉంది. సెలవుల్లో ఒక కేంద్రంలో వాలంటీర్‌గా నాలుగు వారాలు పిల్లలకు డాన్స్ నేర్పాను. ఒక్కరూ ఒక్క స్టెప్పూ పట్టుకోలేదు. ఒక బాబయితే పాట పెట్టగానే చెవులు మూసుకుని మూలకి వెళ్లిపోయేవాడు. ఈ రంగం నాకు సరిపడదేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చదవాలి?

జవాబు: పాట తనకు పడటం లేదని ఆ బాబు స్పష్టంగానే చెప్పాడు కదా! ఆటిజం ఉన్న చాలామందికి శబ్దం, వెలుతురు, స్పర్శ మనకన్నా ఎక్కువగానో తక్కువగానో తెలుస్తాయి. సౌండ్ తగ్గించో, అసలు పాటే లేకుండానో చూడాల్సింది. అంతేగానీ మీరు పనికిరారని కాదు. మీరు చేసింది డాన్స్ క్లాసు. మీ మనసు లాగుతున్నది డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ వైపు, అంటే కదలిక ద్వారా మనసుకు సాయపడే చికిత్స. రెండూ మంచి పనులే, కానీ వేరువేరు ఉద్యోగాలు.

క్లాసులో మీరు చేస్తే వాళ్లు చేస్తారు. థెరపీలో అది తిరగబడుతుంది. ఒక పిల్లవాడు చేతులు ఆడిస్తూ గది చుట్టూ తిరుగుతున్నాడనుకోండి. థెరపిస్ట్ ఆపరు. ఎదురుగా నిలబడి అదే చేసి చూపించరు కూడా, వెక్కిరించినట్టు ఉంటుంది. కాస్త దూరంగా, పక్కన నడుస్తూ ఆ చేతుల లయను తన అడుగుల్లోకి తెచ్చుకుంటారు. కాసేపయ్యాక ఒక అడుగు కావాలనే ఆలస్యం చేస్తారు. పిల్లవాడు ఆగి ఒకసారి అటు చూడొచ్చు. చూడకపోవచ్చు కూడా. ఆరోజు సెషన్ అంతా ఆ ఒక్క చూపు కోసమే.

పిల్లవాడి లయను ఇలా తన కదలికలోకి తెచ్చుకోవడాన్ని మిర్రరింగ్ అంటారు. 1940లలో మేరియన్ చేస్ అనే నర్తకి వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ ఆస్పత్రిలో మానసిక రోగులతో ఇలా పనిచేస్తూ ఈ వృత్తికి దారి వేశారు. 1966లో అమెరికన్ డాన్స్ థెరపీ అసోసియేషన్ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షురాలు ఆవిడే.

ఈ థెరపీలో కదలిక అప్పటికప్పుడు పుడుతుంది, అంటే తోచిందల్లా చేసేయడం కాదు. మొదలూ ముగింపూ ప్రతిసారీ ఒకేలా ఉంటాయి. అదే చోటు, అదే పలకరింపు, చివర్లో అదే గుడ్డను కలిసి మడతపెట్టడం. తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తేనే మధ్యలో కొత్తది చేసే ధైర్యం వస్తుంది. మీ పన్నెండేళ్ల లయజ్ఞానం ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. చెయ్యి వంకరగా ఉంటే సరిచేసే అలవాటే అడ్డొస్తుంది. నన్నడిగితే, మంచి నర్తకులకు ఈ పని కష్టమనిపించేది అందుకే.

చదువు సంగతి. సైకాలజీ డిగ్రీ పూర్తిచేయండి, వదలొద్దు. తర్వాత డాన్స్ మూవ్‌మెంట్ థెరపీలో మాస్టర్స్. అమెరికాలో ఆర్-డీఎంటీ (రిజిస్టర్డ్ డాన్స్/మూవ్‌మెంట్ థెరపిస్ట్) అనే తొలి గుర్తింపుకు మాస్టర్స్‌తో పాటు 700 గంటల క్లినికల్ ఇంటర్న్‌షిప్ కావాలి. రెండు రోజుల వర్క్‌షాపులు రుచి చూడటానికి బాగుంటాయి, ఆ సర్టిఫికెట్‌తో థెరపిస్ట్ అని బోర్డు పెట్టుకోవద్దు. ఆటిజం నయమవుతుందని చెప్పే చోట అసలు చేరొద్దు. అది జబ్బు కాదు, చేతులు ఆడించడం మాన్పించాల్సిన తప్పూ కాదు. ఈ థెరపీ మీద పరిశోధనలు ఆశాజనకంగానే ఉన్నా, ఎక్కువ భాగం చిన్న బృందాల మీద జరిగినవే. తల్లిదండ్రులు అడిగినప్పుడు అంతవరకే చెప్పాలి.

ఆదాయం గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. మొదట్లో పూర్తికాలం ఉద్యోగం దొరకడం కష్టం. రెండు మూడు చోట్ల సెషన్లు కలిపి చేసుకోవాల్సి రావచ్చు. స్పెషల్ ఎడ్యుకేషన్ అర్హత కూడా ఉంటే నిలదొక్కుకోవడం తేలిక.

ఈలోగా అదే కేంద్రానికి మళ్లీ వెళ్లండి. అక్కడి థెరపిస్టును అడిగి, వారి ఎదుటే, ఆ బాబుతో వారానికి ఇరవై నిమిషాలు గడపండి. పాట వద్దు, స్టెప్పులొద్దు. ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో రాయండి. 'బాగా ఎంజాయ్ చేశాడు' అని కాదు, 'కిటికీ దగ్గర మూడుసార్లు ఆగాడు, నేను కూర్చుంటే దగ్గరికొచ్చాడు, లేస్తే వెళ్లిపోయాడు' అని. మూడు నెలలయ్యాక కూడా ఆ నోట్‌బుక్ తెరవాలనిపిస్తే, మాస్టర్స్ దరఖాస్తుల గురించి మాట్లాడుకుందాం.