అడగండి, చెప్తా: టీ తాగండి, కాకపోతే గంటాగి

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ అన్నీ ముందేసుకుని కూర్చుంటే చాలా వాటిల్లో ఒకటే గోల, మేడమ్ ఏం తినాలి అని. చియా గింజలు మంచివా, ఓట్స్ తింటే తగ్గుతామా, ఆన్‌లైన్లో ఏదో పొడి వస్తోంది కొనమంటారా అని. నేనేమో తిరిగి అడుగుతా, ఎన్నింటికి తింటున్నారు, దేని పక్కన ఏది తింటున్నారు, ఎంత పెట్టుకుంటున్నారు, ఎన్నింటికి పడుకుంటున్నారు అని. నా దగ్గరకొచ్చే వాళ్ళలో చాలామందికి కొత్తగా కొనాల్సిందేం ఉండదండీ, ఉన్నవాటినే కాస్త అటూ ఇటూ జరుపుకోవాలి అంతే. ఈసారి తీసుకున్న ఉత్తరాలు చూడండి, మీకే తెలుస్తుంది.

నమస్తే మేడమ్. నాకు 41 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. హిమోగ్లోబిన్ 9.4 ఉందన్నారు. ఆకుకూరలు బాగానే తింటాను, వారంలో మూడు రోజులు తోటకూరో గోంగూరో ఉంటుంది, ఖర్జూరాలు కూడా తింటున్నా, అయినా పెరగట్లేదు. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు ఊడిపోతోంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ బియ్యం కడిగేటప్పుడు గుప్పెడు నోట్లో వేసుకోకుండా ఉండలేకపోతున్నా. ఎందుకిలా?
- ఓ గృహిణి, తణుకు

సిగ్గెందుకమ్మా, ఆ బియ్యం మాట రాశారు కాబట్టే సగం విషయం అర్థమైంది. పచ్చి బియ్యం, బలపాలు, మట్టి, ఐస్ ముక్కలు ఇలాంటివి నమలాలనిపించడం ఐరన్ తక్కువైన వాళ్ళలో తరచుగా కనిపించే లక్షణమే. మీ అత్తగారు అలవాటు మానుకోమని తిడుతుండొచ్చు, ఒంట్లో ఐరన్ నిండితే చాలామందిలో అది దానంతటదే పోతుంది. గర్భం లేని ఆడవాళ్ళకి 12 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క, మీది 9.4, కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

మీరు రాసిన దాన్లో ఒక్కటి లేదు, టీ. ఫోన్ చేసి అడిగితే చెప్పారు కదా, పొద్దున ఇడ్లీ తింటూ ఒక గ్లాసు, మధ్యాహ్నం అన్నం తిన్న చేతి తడి ఆరకముందే ఇంకో గ్లాసు, సాయంత్రం మావారితో ఒకటి అని. సాయంత్రం టీ మీద నాకేం కోపం లేదు. ఆ మొదటి రెండే మీ కొంప ముంచుతున్నాయి. టీలో, కాఫీలో ఉండే టానిన్లు అదే పూట తిన్న ఆకుకూరలో పప్పులో ఉన్న ఐరన్‌ని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వవు, ఈ విషయంలో కాఫీ కంటే టీ ఇంకా ఘనం. మాంసంలో ఉండే ఐరన్ మీద ఈ దెబ్బ తక్కువ, మొక్కల నుంచి వచ్చేదాని మీదే ఎక్కువ, మీరేమో పూర్తిగా దానిమీదే ఆధారపడ్డారు. అంటే గోంగూర కడిగి, వలిచి, నూరి అంత కష్టపడి చేసి, ఒక్క గ్లాసు టీతో చాలావరకు పోగొట్టుకుంటున్నారన్నమాట. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్ అంటాం చూడండి, వాళ్ళు 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ఈ మాట స్పష్టంగా రాశారు, తినడానికి ముందు గంట, తిన్నాక గంట టీ కాఫీలు వద్దు అని.

కాబట్టి మానమనట్లేదు, జరపమంటున్నా. పొద్దున లేవగానే 6కి తాగేయండి, టిఫిన్ 8కి కదా, సరిపోతుంది. మధ్యాహ్నంది 3 దాటాక. అన్నం దగ్గర మాత్రం నిమ్మచెక్క పెట్టుకోండి, పప్పులో పిండుకోండి, లేదా భోజనం కాగానే జామకాయ ముక్కలో ఉసిరికాయో తినండి, వాటిల్లో ఉండే విటమిన్ సి ఐరన్‌ని ఒంటికి పట్టిస్తుంది. మాంసం తినేవాళ్ళైతే వారానికో సారి కార్జం వండుకోండి, దీని ముందు ఖర్జూరాలు దేనికీ పనికిరావు, ఐరన్ కోసం ఖర్జూరాలు అనే ప్రచారం ఎవరు మొదలుపెట్టారో కానీ అవి తీపికే ఎక్కువ.

అయితే ఒక మాట. 9.4 ఉన్నప్పుడు తిండి ఒక్కదాంతో లాగలేం, డాక్టరు గారు ఐరన్ మాత్రలు ఇస్తారు, వేసుకోండి. పాలతోనో టీతోనో కాల్షియం మాత్రతో కలిపో వేసుకోవద్దు, నిమ్మరసం నీళ్ళతో వేసుకోండి. విరేచనం నల్లగా వస్తుంది, కంగారు పడి ఆపేయకండి, చాలామంది ఇక్కడే ఆపేస్తారు. రక్తం కాస్త పెరగ్గానే కూడా ఆపొద్దు, ఒంట్లో నిల్వ నిండడానికి ఇంకొన్ని నెలలు పడుతుంది. అలాగే నెలసరి ఎక్కువ రోజులు, ఎక్కువగా అవుతోందా అనేది మీరు రాయలేదు. అవుతుంటే లేడీ డాక్టర్‌కి చూపించుకోండి, కుండకి చిల్లు ఉంటే పైనుంచి ఎంత పోసినా ఏం లాభం.

అమ్మా, నేను రిటైర్డ్ టీచర్‌ను, 67 ఏండ్లు. షుగర్ ఉన్నది. రాత్రి పూట అన్నం బంద్ చేసి ఏడాది అయింది, చపాతీలే తింటున్న, చక్కెర బదులు బెల్లం చాయ్ తాగుతున్న. అయినా తిన్నంక షుగర్ 220 కింద దిగుతలేదు. ఇంకేం బంద్ చెయ్యాలె?
- ఓ మాస్టారు, కరీంనగర్

మాస్టారూ, ఏమీ బంద్ చెయ్యకండి, ముందు బంద్ చేసినవాటి లెక్క చూద్దాం. ఎన్ని చపాతీలు అంటే నాలుగు, ఒక్కోసారి ఐదు అని మీ కోడలు చెప్పారు. మీడియం సైజు చపాతీ నాలుగంటే సుమారు 130 గ్రాముల పిండి. బియ్యం అయినా గోధుమపిండి అయినా 100 గ్రాములకి ఇంచుమించు 340, 350 కేలరీలే. పీచు కాస్త ఎక్కువ ఉంటుంది నిజమే, కానీ రాత్రి మీరు అంతకుముందు తిన్న అన్నం కన్నా ఇది తక్కువేం కాదు, పైగా చపాతీ కదా అని ధైర్యంగా ఇంకోటి వేయించుకుంటున్నారు. బెల్లం సంగతీ అంతే. అందులో ఎక్కువ భాగం చక్కెరే మాస్టారూ, కొంచెం ఖనిజాలు ఉంటాయి, మీ షుగర్ మీటర్‌కి ఆ తేడా తెలీదు.

ఎన్ఐఎన్ వాళ్ళే రోజుకి 2000 కేలరీల పళ్ళెం ఎలా ఉండాలో చూపించారు, అందులో ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పు దినుసులు 85 గ్రాములు. చూశారా, కూరగాయలే ధాన్యం కన్నా ఎక్కువ. మన ఇళ్ళల్లో దీనికి పూర్తిగా ఉల్టా. పళ్ళెం నిండా అన్నం గుట్ట, పక్కన రెండు చెంచాల బెండకాయ వేపుడు, ఆ వేపుడు కూడా ముద్ద ముద్దకీ కొంచెం కొంచెం అంటించుకుని తింటాం ఊరగాయలాగా. ఉత్త కూర తినడమంటే మనకి ఏదో శిక్ష.

మీరు ఇలా చెయ్యండి. కూర్చోగానే ఒక కప్పు నిండా కూర, సొరకాయో బీరకాయో దొండకాయో, ఏదైనా, ఉత్తదే తినండి. తర్వాత పప్పు. అన్నమో రొట్టో చివర్న, రొట్టె అయితే రెండు, జొన్నరొట్టె అలవాటుంటే అదే. ముందు కూర, పప్పు తిని చివర్లో పిండిపదార్థం తింటే తిన్న తర్వాత షుగర్ పెరిగే తీరు తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. అదే తిండి, వరస ఒక్కటే మార్పు. తిన్నాక టీవీ ముందు కూలబడకుండా వాకిట్లోనో డాబా మీదో పది పదిహేను నిమిషాలు నడవండి. పొద్దున గంట నడుస్తున్నా కదా అంటారేమో, అది మంచిదే, కానీ తిన్న వెంటనే నడిచే ఈ పదిహేను నిమిషాలు చేసే పని వేరు. కండరాలు కదులుతున్నప్పుడు రక్తంలో చక్కెరని అవి వాడేసుకుంటాయి.

మందులు మాత్రం మీ అంతట మీరు మార్చకండి. తిండి తగ్గించి మాత్ర అంతే ఉంటే కొన్ని రకాల మాత్రలతో షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి, కాబట్టి డాక్టర్‌కి చెప్పి మొదలుపెట్టండి.

అక్కా, నాది యూఎస్ షిఫ్ట్, సాయంత్రం 6:30 నుంచి 3:30. ఇంటికొచ్చి పడుకునేసరికి 5 అవుద్ది, 10కే మెలకువ వచ్చేస్తది. ఒంటిగంటకి ఆఫీస్ బయట బండి మీద ఎగ్ ఫ్రైడ్ రైస్. రెండేళ్ళలో 11 కిలోలు పెరిగిన. నిద్ర కోసం మెలటోనిన్ వేసుకోవచ్చా?
- ఓ తమ్ముడు, గచ్చిబౌలి

తమ్ముడూ, మాత్ర దాకా తర్వాత వెళ్దాం. రాత్రి 11, 12కి కాఫీ తాగుతావు కదా, రాయకపోయినా తెలుసు. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దగ్గర దగ్గర ఐదు గంటలు పడుతుంది. అంటే 12కి తాగిన కాఫీ నువ్వు 5కి దుప్పటి కప్పుకునేటప్పటికి ఇంకా సగం లోపలే ఉంది. షిఫ్ట్ మొదట్లో ఒకటి, 9 లోపల ఇంకోటి, అక్కడితో ఆపు.

నిద్ర విషయంలో నీకు శత్రువు వెలుతురు. పెద్దవాళ్ళకి కనీసం 7 గంటలు కావాలి, నీకు 5 వస్తున్నాయి, ఎందుకంటే 10కల్లా కిటికీలోంచి ఎండ, పక్కింట్లో మిక్సీ, కింద కూరగాయల బండి. మందపాటి నల్ల కర్టెన్లు, చెవులకి ఇయర్‌ప్లగ్స్, ఫోన్ వేరే గదిలో. ఎండాకాలంలో క్యాబ్ దిగేసరికే తెల్లారిపోతుంటే నల్లకళ్ళద్దాలు పెట్టుకునే దిగు, వాచ్‌మన్ నవ్వితే నవ్వాడు. లేచాక మాత్రం బాల్కనీలో ఎండలో నించో. ఇంకోటి, శని ఆదివారాలు పూర్తిగా మామూలు మనిషి అయిపోయి 11కే పడుకుని పొద్దున్నే లేస్తే సోమవారం మళ్ళీ విమానం దిగినవాడిలా ఉంటావు, కాబట్టి సెలవు రోజు కూడా 2, 3 దాకా మేలుకుని మధ్యలో ఎక్కడో సర్దుకో. మార్చిలో, నవంబర్‌లో అమెరికా వాళ్ళు గడియారం జరిపినప్పుడు నీ షిఫ్ట్ కూడా గంట జరుగుతుంది కదా, ఆ వారానికి ముందే రోజుకి పావుగంట చొప్పున నిద్ర జరుపుకుంటూ వెళ్ళు.

తిండికొస్తే, అసలు భోజనం ఇంట్లో 5:30కి చేసి వెళ్ళు. అర్ధరాత్రికి ఇంటి నుంచి ఒక డబ్బా, ఉడకబెట్టిన గుడ్లు రెండు, లేదంటే శనగల గుగ్గిళ్ళు, పెరుగు. ఫ్రైడ్ రైస్ తిని నాలుగు గంటల్లో పడుకుంటే గుండెల్లో మంట కూడా రావడం మొదలైందా లేదా చెప్పు. ఇదంతా నెల చేశాక కూడా నిద్ర రాకపోతే మెలటోనిన్ గురించి డాక్టర్‌ని అడుగు, మెడికల్ షాపు వాణ్ణి కాదు.

పరగడుపున వేడినీళ్ళల్లో నిమ్మరసం, తేనె కలుపుకుని తాగితే పొట్ట కరుగుతుందా?
- ముగ్గురు నలుగురు అడిగారు

కరగదు. దాహం తీరుతుంది.

మేడమ్, మావారికి బీపీ. కూరల్లో ఉప్పు బాగా తగ్గించేశాను, అయినా బీపీ తగ్గలేదు. పైగా నిద్రలో గురక, వీధి చివరికి వినిపిస్తుంది. మధ్యలో ఒక్కసారిగా ఆగిపోయి, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై లేస్తారు. పగలు పేపర్ చదువుతూ నిద్రపోతారు. మొన్న అన్నవరం వెళ్తుంటే డ్రైవింగ్‌లో కునుకు పట్టింది, పిల్ల అరిచింది కాబట్టి సరిపోయింది.
- ఓ సోదరి, విశాఖపట్నం

ఉప్పు గురించి ముందు చెప్పేస్తా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూన్, అన్నీ కలిపి. మీ ఇంట్లో నలుగురు అనుకుంటే నెలకి 600 గ్రాములు. కిలో ప్యాకెట్ మీద కొన్న తారీఖు రాసి పెట్టండి, ఎన్ని రోజులకి అయిపోయిందో చూడండి, 50 రోజులు రావాలి. పచ్చళ్ళ ఉప్పు అందులో లేదు సుమా. ఆవకాయ కొలత మీకు తెలిసిందే, కారం ఎంతో ఆవపిండి ఎంతో ఉప్పూ దాదాపు అంతే. కూరలో చిటికెడు తగ్గించి పక్కన ఆవకాయ ముక్క, అప్పడం, మజ్జిగలో ఇంకాస్త ఉప్పు పెడితే లెక్క మళ్ళీ మొదటికే వస్తుంది. బీపీ వాళ్ళకని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ సమస్య ఉన్నా, కొన్ని బీపీ మందులు వాడుతున్నా అది ప్రమాదం, అడక్కుండా కొనకండి.

కానీ అమ్మా, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఉప్పు కాదు. గురక ఆగిపోవడం, ఉక్కిరిబిక్కిరై లేవడం, పగలు కునుకు, ఎంతకీ తగ్గని బీపీ, ఈ నాలుగూ ఒకే మనిషిలో ఉంటే స్లీప్ ఆప్నియా అని అనుమానించాలి. నిద్రలో గొంతు దగ్గర దారి మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది, ఆక్సిజన్ తగ్గగానే మెదడు కంగారుగా లేపుతుంది, రాత్రంతా ఇదే తంతు, ఆయనకి మాత్రం బాగా నిద్రపోయాననే ఉంటుంది. మనకి గురకంటే జోకు, గాఢనిద్రకి గుర్తు అనుకుంటాం. 2022లో సంగీత దర్శకుడు బప్పీ లహిరి పోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణాల్లో ఇదీ ఉంది.

ఇవాళ రాత్రే ఫోన్‌లో ఒక రెండు నిమిషాలు వీడియో తీయండి, ఆ ఆగిపోవడం కనపడేలా. ఆయన ఒప్పుకోరు, నేనెక్కడ గురక పెడతాను అంటారు, అందుకే వీడియో. దాన్ని తీసుకుని ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికో ఈఎన్‌టీ దగ్గరికో వెళ్ళండి, స్లీప్ స్టడీ రాస్తారు, ఒక రాత్రి తీగలు పెట్టుకుని పడుకోవాలి, నొప్పేం ఉండదు. అదే అని తేలితే చాలామందికి సీప్యాప్ అనే మాస్క్ మెషిన్ ఇస్తారు, మొదటి వారం చిరాకు పడతారు, తర్వాత అలవాటు పడ్డవాళ్ళు ఊరికెళ్ళినా దాన్ని వదలరు. ఈలోపు పక్కకి తిరిగి పడుకోమనండి, రాత్రి తాగుడు అలవాటుంటే ఆపించండి, నిద్రమాత్రలు అస్సలు వద్దు.

ఆ రిపోర్ట్ వచ్చి వైద్యం మొదలయ్యేదాకా కారు తాళాలు మీ దగ్గరే పెట్టుకోండి. సత్యనారాయణ వ్రతం మొక్కు ఉంటే రైల్లో వెళ్ళండి, అన్నవరంలో స్టేషన్ ఉంది కదా.