అభిమానుల డబ్బుతో ఆల్బమ్‌లు కొన్నాను, ఇప్పుడు నా ఖాతా ఆపేశారు

ప్రశ్న: నేను హన్మకొండలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నాకు 20 ఏళ్లు. మేం అభిమానించే ఒక కొరియన్ బృందం కొత్త ఆల్బమ్ వచ్చినప్పుడు, మొదటి వారం అమ్మకాల్లో మా లెక్క కూడా చేరాలని రెండు రాష్ట్రాల నుంచి 62 మంది కలిసి నా ద్వారా గ్రూప్ ఆర్డర్ పెట్టుకున్నారు. ఒక్కొక్కరు యూపీఐలో రూ.1,600 పంపారు. అందులో రూ.100 నా శ్రమకూ ప్యాకింగుకూ తీసుకున్నాను. 19 మంది మాత్రం తమకు ఆల్బమ్ అక్కర్లేదని, చార్టులో లెక్క పడితే చాలని అన్నారు. అన్నీ ఒకే పెట్టెలో నా పేరిట వచ్చాయి. కస్టమ్స్ సుంకం, కొరియర్ రుసుము కలిపి రూ.31,000 కట్టి, మనిషికి రూ.500 అడిగాను. ఆ 19 మందిని అడగలేక, వారి ఆల్బమ్‌లలోని ఫొటోకార్డులు (బృంద సభ్యుల బొమ్మలున్న చిన్న కార్డులు) అమ్మితే రూ.11,400 వచ్చాయి. మిగతావారిలో ఒకరు రూ.500 ఇవ్వనని, మొత్తం డబ్బు వెనక్కి ఇమ్మని అడిగారు. పరీక్షల్లో పడి పది రోజులు జవాబివ్వలేదు. ఆయన సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫిర్యాదు చేశారు. నా ఉపకారవేతనం ఉన్న ఖాతాను బ్యాంకు మొత్తంగా ఆపేసింది. 62 మందిలో ఒకమ్మాయికి 15 ఏళ్లేనని తర్వాత తెలిసింది. అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురేమో, ఈసారి అక్కడ డౌన్‌లోడ్లు తాను కొంటానని, రూపాయలు ఇక్కడ వాళ్ల నాన్న ఖాతాలో వేయించమని అంటోంది. నా మీద కేసు అవుతుందా? నేనేం చేయాలి? (ఒక సోదరి, హన్మకొండ)

జవాబు: ముందుగా మీ భయం సంగతి చెబుతాను. అభిమానులు సొంత డబ్బుతో ఒకే ఆల్బమ్‌ను ఒకటికి పది కాపీలు కొనుక్కోవడం, కొనమని పదిమందిని కోరడం మన దేశంలో నేరం కాదు. కొరియాలో సంగీత పరిశ్రమ ప్రోత్సాహక చట్టం 26వ అధికరణం కింద 'సాజెగి'పై, అంటే అమ్మకాల లెక్కను అక్రమంగా పెంచడానికి తమ సరుకును తామే కొనడం లేదా తమవారి చేత కొనిపించడంపై నిషేధం ఉంది. అది రికార్డులు తయారుచేసి అమ్మే వ్యాపారులను, వారితో సంబంధం ఉన్నవారిని ఉద్దేశించినది. ఏ నిర్మాణ సంస్థా మీకు డబ్బిచ్చి కొనిపించలేదు కాబట్టి ఆ చట్టంతో మీకు పని లేదు. మీ చిక్కంతా 62 మంది సొమ్ము మీ చేతిలో ఉండటంతోనే వచ్చింది.

ఆ సొమ్ముకు చట్టం దృష్టిలో మీరు యజమాని కారు, దుకాణదారూ కారు. 62 మంది తరఫున ఒక పని చేసిపెట్టడానికి ఒప్పుకున్న ఏజెంటు మీరు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఏజెంటు హక్కులూ బాధ్యతలూ వివరంగా ఉన్నాయి, మీ ప్రశ్నల్లో చాలా వాటికి జవాబు అక్కడే దొరుకుతుంది. అప్పగించినవారి సూచనల ప్రకారమే నడుచుకోవాలని 211వ సెక్షన్, అడిగినప్పుడు సరైన లెక్కలు చూపాలని 213వ సెక్షన్ చెబుతున్నాయి. మీరు పది రోజులు మౌనంగా ఉండటం ఈ రెండో బాధ్యతలో లోపమే. అయితే లెక్క చెప్పడంలో ఆలస్యం వేరు, మోసం వేరు.

మోసం నేరానికి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్, నమ్మకద్రోహానికి 316వ సెక్షన్ ఉన్నాయి. డబ్బు తీసుకునే క్షణానికే దాన్ని కాజేయాలన్న ఉద్దేశం ఉంటేనే మోసం అవుతుందని, తర్వాత మాట తప్పినంత మాత్రాన కాదని సుప్రీంకోర్టు 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో స్పష్టంగా చెప్పింది. మీరు డబ్బు అందుకున్నారు, ఆర్డర్ పెట్టారు, సరుకు తెప్పించారు, సుంకం కూడా మీ జేబులోంచి కట్టారు. ఈ నాలుగింటికీ కాగితం ఉంటే మోసం ఆరోపణ నిలబడటం కష్టం. పైగా మోసానికీ, మామూలు నమ్మకద్రోహానికీ శిక్ష ఏడేళ్లకు మించదు కాబట్టి (ఏజెంటు పనిని వ్యాపారంగా చేసేవారి నమ్మకద్రోహానికి మాత్రం శిక్ష అంతకంటే ఎక్కువ), 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పు ప్రకారం పోలీసులు యాంత్రికంగా అరెస్టు చేయకూడదు. అరెస్టు అవసరం లేదనుకున్నప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవాలి. నోటీసు వస్తే తప్పక హాజరు కండి, ఇంట్లో పెద్దవారినీ వెంట తీసుకెళ్లండి. అమ్మానాన్నలకు చెప్పకుండా ఇన్నాళ్లూ మీరొక్కరే నలిగిపోయారని మీ ఉత్తరం చూస్తే అనిపిస్తోంది. ఈ రోజే చెప్పండి.

ఖాతా విషయంలో ఆలస్యం చేయవద్దు. ఫిర్యాదు నమోదు సంఖ్య, ఏ రాష్ట్రంలోని ఏ ఠాణా నుంచి ఆదేశం వచ్చింది, ఎంత మొత్తం వివాదంలో ఉంది అనే వివరాలు ఇవ్వమని బ్యాంకు మేనేజరును రాతపూర్వకంగా అడిగి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. తర్వాత దర్యాప్తు అధికారికి ఒక ఉత్తరం రాసి, వివాదంలో ఉన్నది రూ.1,600 మాత్రమేనని, ఆ మేరకు మాత్రమే లీన్ (తీయకుండా ఆపి ఉంచడం) ఉంచి మిగతా ఖాతాను విడుదల చేయించాలని కోరండి. కొంత మొత్తం మీద వివాదం ఉన్నప్పుడు ఖాతా మొత్తాన్ని స్తంభింపజేయడం సరికాదని, ఆదేశంలో పేర్కొన్న మొత్తానికే దాన్ని పరిమితం చేయాలని 2023లో కేరళ హైకోర్టు చెప్పింది. తెలంగాణ కోర్టులు దానికి కట్టుబడి ఉండనక్కర్లేదు గానీ, మీ వాదనకు అది మంచి ఆసరా. అధికారి స్పందించకపోతే మేజిస్ట్రేటు ముందు నాగరిక సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద దరఖాస్తు వేయవచ్చు. అదీ కుదరకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు.

అధికారికి ఇచ్చే ఉత్తరంతో జతపరచవలసిన వాటిలో స్క్రీన్‌షాట్ల కట్ట కంటే ఒక్క పట్టిక ఎక్కువ పని చేస్తుంది. ఇలాంటి వ్యవహారమే ఒకటి నా దగ్గరకు వచ్చినప్పుడు, ఆ కుర్రవాడు మూడు వందలకు పైగా వాట్సాప్ స్క్రీన్‌షాట్లు తెచ్చాడు. వాటిని ఎవరూ చదవలేదు. మేం కూర్చుని వరుస సంఖ్య, పేరు, డబ్బు పంపిన తేదీ, యూపీఐ లావాదేవీ సంఖ్య, ఆర్డర్ సంఖ్య, పార్సిల్ పంపిన తేదీ, ట్రాకింగ్ సంఖ్య అనే ఏడు గడులతో ఒక కాగితం తయారుచేశాక, దర్యాప్తు అధికారి దాన్ని బ్యాంకు స్టేట్‌మెంటుతో పోల్చుకుని అరగంటలో విషయం గ్రహించారు. మీరూ 62 వరుసలతో అదే చేయండి. కస్టమ్స్ రసీదు, కొరియా దుకాణం ఇన్వాయిస్, పెట్టె విప్పినప్పుడు తీసిన వీడియో ఉంటే అవీ జతపరచండి. ఆ వీడియో ఉన్న ఫోనును మార్చవద్దు. కోర్టు దాకా వెళితే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాల్సి వస్తుంది.

ఇక ఆ ఫిర్యాదుదారు డబ్బు వెనక్కి అడగవచ్చా? ఆర్డర్ పెట్టకముందు అడిగి ఉంటే మీరు ఇచ్చి తీరాల్సిందే. అప్పగించిన పనిలో కొంత భాగం పూర్తయ్యాక, అప్పటికే జరిగిన పనుల మేరకు ఇచ్చిన అధికారాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదని కాంట్రాక్టు చట్టం 204వ సెక్షన్ చెబుతోంది. ఆయనకు రావలసింది ఆల్బమే, డబ్బు కాదు. సుంకంలో ఆయన వాటా రూ.500 సంగతి మాత్రం మీరు మొదట ఏం రాశారన్న దాని మీద ఆధారపడి ఉంది. 'కస్టమ్స్ అదనం' అని రాసి ఉన్నా, అసలు ఆ ప్రస్తావనే లేకపోయినా, చట్టబద్ధమైన పనిలో ఏజెంటుకు అయిన ఖర్చును అప్పగించినవారే భరించాలన్న 222వ సెక్షన్ మీకు అండగా ఉంటుంది. అది చెల్లించేదాకా ఆయన ఆల్బమ్‌ను మీ దగ్గరే ఉంచుకునే హక్కు 221వ సెక్షన్ ఇస్తుంది. 'అన్నీ కలిపి రూ.1,600' అని రాసి ఉంటే ఆ రూ.500 మీరు అడగలేరు. కాబట్టి మీ మొదటి సందేశాన్ని ఇప్పుడే తీసి చూసుకోండి. నన్నడిగితే, రెండో పరిస్థితిలో వాదన పెట్టుకోకుండా ఆల్బమ్ పంపించి, ఫిర్యాదు పరిష్కారమైందని ఆయన చేత రాయించుకోవడమే మేలు. మీరు రూ.100 ప్రతిఫలం తీసుకున్నందువల్ల దీన్ని వినియోగదారుల రక్షణ చట్టం కింద 'సేవ' అనవచ్చు. అప్పుడు ఆయన జిల్లా కమిషన్‌కూ వెళ్లగలరు.

ఆ 19 మంది విషయంలో మాత్రం తప్పు మీదే, ఇది మీరు ఒప్పుకోవాలి. వారు చార్టులో లెక్క పడితే చాలన్నారు గానీ, తమ ఫొటోకార్డులు మిమ్మల్ని అమ్ముకోమనలేదు. బయటివారికి అది 55 మిల్లీమీటర్ల వెడల్పు, 85 మిల్లీమీటర్ల పొడవున్న అట్టముక్క. ఏ సభ్యుడి బొమ్మ వస్తుందో తెరిచేదాకా తెలియని ఆ ముక్క కోసమే ఆల్బమ్ మీద ఆల్బమ్ కొనే అభిమానులు ఉన్నారని మీకు నేను చెప్పనక్కర్లేదు. పని అప్పగించినవారికి తెలియకుండా ఏజెంటు తన సొంత లెక్కలో లావాదేవీ జరిపితే, దాని ద్వారా వచ్చిన లాభాన్ని వారు అడిగి తీసుకోవచ్చని కాంట్రాక్టు చట్టం 216వ సెక్షన్ చెబుతోంది. 19 మంది వాటా సుంకం రూ.9,500 అయితే, కార్డుల మీద వచ్చింది రూ.11,400. మిగిలిన రూ.1,900 ఏ రకంగా చూసినా మీది కాదు. అసలు ఆల్బమే వద్దన్నవారి కాపీలను భారతదేశానికి రప్పించడానికి వారి అనుమతి ఉందా అన్నది ఇంకో ప్రశ్న. లేదంటే ఆ సుంకం కూడా మీ నెత్తినే పడుతుంది. అందుకని 19 మందికీ విడివిడిగా రాయండి: ఏ కార్డు ఎంతకు అమ్మారు, అందులో ఎంత సుంకానికి పోయింది, మిగిలింది ఎంత, ఖాళీ అయిన ఆల్బమ్ ఎక్కడ ఉంది. అభ్యంతరం లేదన్నవారి జవాబు భద్రపరచుకోండి, ఉందన్నవారికి డబ్బు తిరిగి ఇవ్వండి. నమ్మకద్రోహం ఆరోపణకు ఆస్కారమున్న చోటు ఇదొక్కటే కాబట్టి, ఎవరో అడిగేదాకా ఆగకుండా మీరే ముందు చెప్పడం అవసరం.

చార్టులో లెక్క పడుతుందన్న మీ హామీని కూడా ఒకసారి సరిచూసుకోండి. కొరియాలో ఆల్బమ్ అమ్మకాలు లెక్కించే హాంటియో చార్టు తనతో అనుసంధానమైన దుకాణాల్లో జరిగిన అమ్మకాలను నమోదు చేస్తుంది, అభిమానులు చెప్పుకొనే 'ఫస్ట్ వీక్' లెక్క విడుదలైన మొదటి ఏడు రోజులది. 2022 దాకా గావన్ అని పిలిచిన సర్కిల్ చార్టు, దుకాణాలకు పంపిన కాపీల్లోంచి తిరిగి వచ్చినవాటిని తీసేసి లెక్కిస్తుంది. మీరు కొన్న దుకాణం హాంటియోతో అనుసంధానమైనదేనా, ఆర్డర్ ఆ వారంలోనే అమ్మకంగా నమోదైందా అన్నది ఆ 19 మందికి ప్రాణప్రదమైన విషయం, ఎందుకంటే వారు డబ్బిచ్చింది దానికే. తెలియక తప్పు చెబితే కాంట్రాక్టు చట్టం 18వ సెక్షన్ కింద తప్పుడు ప్రాతినిధ్యం, తెలిసి చెబితే 17వ సెక్షన్ కింద వంచన అవుతుంది. రెండిటిలోనూ వారు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు.

పదిహేనేళ్ల అమ్మాయితో మీరు చేసుకున్న ఒప్పందం చెల్లదు. మైనరు ఒప్పందం మొదటి నుంచీ శూన్యమని 1903లోనే మొహొరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. డబ్బు వచ్చింది బహుశా తల్లి ఫోను నుంచే అయి ఉంటుంది. ఆమెతో మాట్లాడి, ఆల్బమ్ కావాలంటే అది ఆమెకే అందజేసి రసీదు తీసుకోండి, వద్దంటే డబ్బు వచ్చిన ఖాతాకే తిరిగి పంపండి. ఆ పిల్ల దగ్గర అదనంగా రూ.500 అడగవద్దు.

మరోసారి ఇలా 62 కాపీలు ఒకే పెట్టెలో ఒకే పేరున తెప్పించవద్దు. అన్ని కాపీలు సొంత వాడకానికే అంటే కస్టమ్స్ అధికారులు నమ్మకపోవచ్చు, అప్పుడు దిగుమతి ఎగుమతి కోడ్ అడుగుతారు. తప్పించుకోవడానికి 'గిఫ్ట్' అని, తక్కువ ధర అని రాయించమని తోటి అభిమానులు సలహా ఇస్తుంటారు. తప్పుడు వివరణ ఇస్తే 1962 కస్టమ్స్ చట్టం 111, 112 సెక్షన్ల కింద సరుకు జప్తు, జరిమానా రెండూ పడవచ్చు. అది చట్టబద్ధమైన ఖర్చు కాదు కాబట్టి ఆ జరిమానాలో ఇతరుల వాటా కూడా మీరు అడగలేరు. డబ్బు కట్టినవారికి చీటీలు తీసి కార్డులు, బహుమతులు ఇస్తామని ప్రకటించే అలవాటు కూడా మీ బృందాల్లో ఉందని విన్నాను. అనుమతి లేని లాటరీని న్యాయ సంహిత 297వ సెక్షన్ నేరంగా చూస్తుంది కనుక దాని జోలికి వెళ్లకండి.

చివరగా మీ పిన్ని కూతురి సంగతి. అక్కడి ఆల్బమ్ చార్టు బిల్‌బోర్డ్ 200 అమెరికాలో జరిగిన అమ్మకాలనూ స్ట్రీమింగునూ మాత్రమే, శుక్రవారం నుంచి గురువారం వరకు వారంగా తీసుకుని లెక్కిస్తుంది కనుక, ఇక్కడి అభిమానులు అక్కడ ఉన్న చుట్టాల సాయం కోరడం సహజమే. ఆమె తన డాలర్లతో తన కోసం ఆల్బమ్ కొనుక్కుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ఇక్కడివారు రూపాయలు ఆమె తండ్రి ఖాతాలో వేయడం, దానికి బదులుగా ఆమె అక్కడ డాలర్లు ఖర్చు పెట్టడం అంటే, బ్యాంకు ప్రమేయం లేకుండా విదేశంలో ఉన్న వ్యక్తికి చెల్లింపు జరిపినట్టే. 1999 విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం 3వ సెక్షన్ దీన్ని నిషేధిస్తోంది, 13వ సెక్షన్ ప్రకారం జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉండవచ్చు. వందో రెండొందలో అన్నంత మాత్రాన చట్టం మారదు. పైగా అలాంటి జమలు కుప్పగా పడిన ఖాతా ఏదో ఒక రోజు మీ ఖాతాలాగే ఆగిపోతుంది, ఆ రోజు జవాబు చెప్పుకోవలసింది మీ బాబాయి. డబ్బు పంపదలచినవారు తమ తమ బ్యాంకుల ద్వారా, అసలు కారణం రాసి పంపుకోవచ్చు. మధ్యలో మీ ఖాతా గానీ ఆయన ఖాతా గానీ వద్దు. ఆ అమ్మాయికి ఫోను చేసి ఈ మాట ఇప్పుడే చెప్పి, తర్వాత ఆ 62 వరుసల పట్టికతో కూర్చోండి.