మ్యాజికల్ గర్ల్ అనిమేలో పోటీ అమ్మాయి సవతి తల్లి కాదు, సవతి తల్లి కూతురు

మీరు అడిగినవి ముఖ్యంగా రెండు. మ్యాజికల్ గర్ల్ అనిమేలో, అంటే మంత్రశక్తితో రూపం మార్చుకునే అమ్మాయిల జపాన్ యానిమేషన్ సిరీస్‌లలో, హీరోయిన్‌కి ఎదురు నిలబడే అమ్మాయి పాత్ర పాత కథల నుంచే వచ్చిందా? వస్తే, స్నో వైట్ కథలో సవతి తల్లి అయిన రాణినే చిన్నపిల్లగా మార్చి పెట్టారా? మొదటిదానికి చాలావరకు అవుననే చెప్తాను. రెండోదానికి కాదు. ఆ రాణి చాలా సిరీస్‌లలో వేరే పాత్రగా అలాగే ఉంటుంది. పోటీకి వచ్చే అమ్మాయి ఆ రాణి కూతురు. జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల సిండ్రెల్లా గుర్తుందా, అందులో చెప్పు పట్టకపోతే పెద్ద కూతురి చేతికి తల్లే కత్తి ఇచ్చి బొటనవేలు కోసుకోమంటుంది, రాణివయ్యాక నడవాల్సిన పనేముంది అంటుంది. చిన్న కూతురి చేత మడమ కోయిస్తుంది. ఆ ఇద్దరు అక్కచెల్లెళ్ల గురించి మనం ఎప్పుడూ జాలిపడలేదు. అనిమే వాళ్లు ఆ పిల్లల వైపు తిరిగి చూశారు, నా వాదన అంతా ఇంతే. (కింద ప్రిన్సెస్ టూటూ, నానోహా, మాదోకా మాజికా కథల్లో దాచిపెట్టిన సంగతులు వచ్చేస్తాయి, చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.)

అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ప్రిన్సెస్ టూటూలో, 2002లో మొదలైన 26 ఎపిసోడ్ల సిరీస్. నేను ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో చూశాను. అప్పటికి బ్యాలే అంటే నాకేమీ తెలీదు, అయినా రూ కనిపించినప్పుడల్లా హీరోయిన్ని వదిలేసి ఆ అమ్మాయినే చూస్తూ ఉండిపోయేదాన్ని. హీరోయిన్ అహిరు నిజానికి ఒక బాతు పిల్ల. ముక్కలై చెల్లాచెదురైపోయిన రాకుమారుడి హృదయాన్ని ఏరి తేవడానికి అమ్మాయిగానూ, ఆపైన టూటూ అనే యువరాణిగానూ మారుతుంది. రూ అదే స్కూల్లో అందరికంటే బాగా డాన్స్ చేసే అమ్మాయి, రాకుమారుడి ప్రియురాలు, పైకి ఏ లోటూ లేనట్టు ఉంటుంది. ఆమే క్రేహె అనే కాకి యువరాణి, కథలోని రాక్షస కాకి కూతురు.

ఇది స్వాన్ లేక్ అనే బ్యాలే కథ అని బ్యాలే తెలిసినవాళ్లకి వెంటనే అర్థమైపోతుంది. చైకోవ్‌స్కీ సంగీతంతో 1877లో మాస్కోలో మొదటిసారి ఆడారు, ఇప్పుడు మనం చూసే ప్రదర్శనలు ఎక్కువగా 1895లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నృత్య దర్శకులు పెటిపా, ఇవనోవ్ కూర్చిన రూపం మీద ఆధారపడినవి. అందులో హంసగా మారిన ఓడెట్‌కి మాట ఇచ్చిన రాకుమారుడిని మోసం చేయడానికి మాంత్రికుడు రోత్‌బార్ట్ తన కూతురు ఓడీల్‌ని అచ్చం ఓడెట్ రూపంలో విందుకు తీసుకొస్తాడు. రాకుమారుడు మోసపోయి ఆమెకి ప్రమాణం చేస్తాడు, ఆ పని అయిపోగానే ఓడీల్ కథలోంచి వెళ్లిపోతుంది, చివరి అంకంలో ఆమె ఊసే ఉండదు. వచ్చింది తండ్రి పని మీద, పోయింది తండ్రితో. తనకి ఆ రాకుమారుడు నచ్చాడా లేదా అని ఎవరూ అడగరు. మామూలుగా రెండు పాత్రలూ ఒకే బాలెరినా చేస్తుంది. చూసేవాళ్లకి ఎక్కువ గుర్తుండిపోయేది కూడా ఓడీల్ ఒంటికాలి మీద గిర్రున తిరిగే ఆ 32 చుట్లే (వాటిని ఫుయెటేలు అంటారు), అంత కష్టమైన డాన్స్ చేయించుకుని కథ మాత్రం ఆమెకి ఒక్క కోరిక కూడా ఇవ్వలేదు.

ప్రిన్సెస్ టూటూ ఆ ఖాళీని నింపింది. రూ చిన్నప్పటి నుంచీ తండ్రి నోట వింటూ పెరిగిన మాట ఒకటే: నువ్వు కాకివై ఉండి మనిషి రూపంలో పుట్టిన వికారపు పిల్లవి, నిన్ను ప్రేమించగలిగేది నేనూ ఆ రాకుమారుడూ మాత్రమే. ఇలాంటి మాట ఏ ఇంట్లో విన్నా గుర్తుపట్టొచ్చు, పిల్లని గుప్పిట్లో పెట్టుకోవాలనుకునే పెద్దవాళ్లు చెప్పే మాట ఇదే. అందుకే రాకుమారుడి హృదయం తిరిగి రావడం ఆమెకి భయం. హృదయం వస్తే అతను ఎంచుకోగలడు, ఎంచుకోగలిగితే తనని ఎందుకు ఎంచుకుంటాడు? అతని హృదయంలో ప్రేమ అనే ముక్కని తండ్రి రక్తంలో ముంచి మరీ అతనికి ఇస్తుంది, అంత ఘోరం చేస్తుంది, అయినా నాకు ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. చివరికి తెలిసేదేమిటంటే ఆమె కాకి కూతురే కాదు, ఎత్తుకొచ్చి పెంచిన మామూలు మనిషి పిల్ల.

13వ ఎపిసోడ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రేమిస్తున్నానని నోటితో అంటే టూటూ వెలుగు చుక్కై మాయమైపోతుంది, ఇది డెన్మార్క్ రచయిత అండర్సన్ కథలో ప్రేమ దక్కక సముద్రపు నురగైపోయే జలకన్య నుంచి వచ్చిన నియమం. ఆ సంగతి తెలిసే క్రేహె, అంత ప్రేమ ఉంటే చెప్పు చూద్దాం అని సవాల్ విసురుతుంది. టూటూ ఏమీ అనకుండా, ఇద్దరు కలిసి చేయాల్సిన డాన్స్‌ని పక్కన ఎవరూ లేకుండా ఒక్కతే చేస్తుంది. క్రేహె మాత్రం ఎన్నిసార్లైనా చెప్పగలదు, చెప్తూనే ఉంటుంది, అవతల వినేవాడి మనసు ఇటు తిరగదు. ఒకరికి మాట లేదు, ఇంకొకరికి మాట ఉన్నా పనికిరాదు.

ఇలాంటి కథలు మన దగ్గర లేవని కాదు. మా అమ్మమ్మ ఒకటి చెప్పేది. ఒంటినిండా సూదులు గుచ్చుకుని శవంలా పడి ఉన్న రాజకుమారుడి పక్కన కూర్చుని ఒక రాజకుమార్తె రోజూ సూదులు తీస్తూ ఉంటుంది. ఇక కళ్ల మీద రెండే మిగిలాయనగా పనిపిల్లని కాపలా ఉంచి స్నానానికి వెళ్తుంది. పనిపిల్ల ఆ రెండూ పీకేస్తుంది, అతను కళ్లు తెరిచి ఎదురుగా ఉన్న పిల్లే తనని బతికించిందనుకుని పెళ్లి చేసుకుంటాడు. ఈ కథ మా అక్క కూతురికి చెప్తుంటే మధ్యలో ఆపి, "ఆ పనిపిల్ల పేరేంటి పిన్నీ?" అంది. పేరు లేదు. నాకు అమ్మమ్మ చెప్పలేదు, అమ్మమ్మకి ఎవరూ చెప్పి ఉండరు. గ్రిమ్ వాళ్ల బాతులమ్మాయి కథలో కూడా, అదే, యువరాణి బట్టలూ గుర్రమూ లాక్కుని తానే పెళ్లికూతుర్నని కోటకి వెళ్లిన దాసి కథలో, ఆ దాసికి పేరుండదు, గుర్రానికి మాత్రం ఫలాదా అని పేరుంది.

గ్రిమ్ సేకరణలోనే తెల్ల పెళ్లికూతురు, నల్ల పెళ్లికూతురు అని ఇంకో కథ ఉంది, ఇది చదివినప్పుడు టూటూ గుర్తొచ్చి ఉలిక్కిపడ్డాను. సవతి తల్లి, కూతురు కలిసి మంచి పిల్లని నీళ్లలోకి తోసేస్తే ఆమె తెల్ల బాతుగా మారి రాత్రిపూట తూములోంచి రాజుగారి వంటగదికి ఈదుకుంటూ వస్తుంది. అటు బాతు, ఇటు నల్లని పోటీ అమ్మాయి. దాన్ని చూసే అనిమే తీశారని నేను అనడం లేదు, కానీ అచ్చు అదే. ఆ కథలో నలుపు శాపం, తెలుపు వరం. సవతి కూతుర్ని కూడా తల్లితో పాటు మేకులు కొట్టిన పీపాలో పెట్టి గుర్రంతో ఈడ్పిస్తారు. రంగు తక్కువని పెళ్లిచూపుల్లో మాటలు పడ్డ ఆడపిల్లలున్న మన ఇళ్లలో ఈ కథ చదివితే ఒళ్లు మండుతుంది. టూటూలో నల్ల ఈకల అమ్మాయినే రాకుమారుడు కాకి కడుపులోంచి బయటికి తెచ్చి తన యువరాణిగా ఉండమని అడుగుతాడు. బాతు బాతుగానే మిగులుతుంది. అది నాకు ఇప్పటికీ బాధే, కానీ సరైన ముగింపు అదే.

2004లో వచ్చిన నానోహా అనే సిరీస్‌లో ఏ జానపద కథ పేరూ చెప్పరు, అయినా అందులో పోటీ అమ్మాయి ఫేట్ టెస్టరోసా అదే కుటుంబానికి చెందిన పిల్ల. తల్లి ప్రెసియా కొరడాతో కొడుతుంది, మంత్రశక్తి ఉన్న రాళ్లు ఏరుకు రమ్మని పంపుతుంది, ఫేట్ ఆ అమ్మ కోసం కేక్ కొనుక్కుని వెళ్తుంది. తీరా చూస్తే ఫేట్ చనిపోయిన అసలు కూతురికి నకలు, పేరు కూడా ఆ ప్రయోగం పేరే. ఇక్కడ ఒకే పిల్ల సిండ్రెల్లా, సవతి చెల్లెలు రెండూ. హీరోయిన్ నానోహా ఆమెని ఓడించాక అడిగేది తన పేరు పెట్టి పిలవమని, స్నేహం అక్కడే మొదలవుతుందని. మా అక్క కూతురు అడిగిన ప్రశ్నకి దగ్గరగా వచ్చిన జవాబు నాకు ఇదొక్కటే దొరికింది.

మీరు చెప్పిన రాణి కావాలంటే సైలర్ మూన్ అనే సిరీస్‌లో నెహెలేనియా ఉంది. అద్దంలో తన ముసలి రూపం చూసి భయపడ్డ రాణి. చివరి సీజన్ మొదట్లో ఆమె అద్దం ముక్క హీరోయిన్ ప్రియుడు మమోరు కంట్లో పడి మనసు గడ్డకట్టడం అండర్సన్ మంచు రాణి కథలోదే. కానీ ఆమె విలన్, పోటీ అమ్మాయి కాదు.

మాదోకా మాజికా (2011) దారి వేరు. అందులో మ్యాజికల్ గర్ల్ అయిన సయాకా ఆ అండర్సన్ జలకన్యే, మంత్రగత్తెగా మారాక రూపం కూడా అదే. జలకన్య కథలోలాగే, ప్రేమించినవాణ్ని కాపాడింది ఒకరు, అతను దక్కింది ఇంకొకరికి. ఆ ఇంకొకరు హితోమి, పాపం మంచిపిల్లే, స్నేహితురాలు కదా అని ముందు నువ్వే అతనితో ప్రేమ సంగతి చెప్పుకో అని ఒక రోజు గడువు కూడా ఇస్తుంది. అండర్సన్ కథలో రాకుమారుడు పెళ్లాడే ఆ రెండో యువరాణి కూడా చెడ్డది కాదు, చాలామంది ఇది మర్చిపోతారు.

పోటీ అమ్మాయిలందరికీ జానపద మూలం వెతకొద్దు. 1974 నాటి మజొక్కో మెగ్-చాన్‌లో నోన్ ఈ జాతికి దాదాపు అమ్మమ్మ లాంటిది, మెగ్‌తో పోటీపడేది మంత్రలోకం రాణి పదవికి. అక్కడ రాకుమారుడు లేడు, సవతి తల్లి లేదు, ఒకే కుర్చీకి ఇద్దరు అభ్యర్థులు. అది కథల కంటే స్కూల్ ర్యాంకుల పోటీకి దగ్గర.

ఏది ముందు చూడాలని కూడా అడిగారు కాబట్టి: ప్రిన్సెస్ టూటూతో మొదలుపెట్టండి, దానికంటే ముందు స్వాన్ లేక్ మూడో అంకం ఒక్కటైనా ఎక్కడైనా వీడియోలో చూడండి. మొదటి నాలుగైదు ఎపిసోడ్లు మరీ చిన్నపిల్లల సిరీస్‌లా ఉందనిపిస్తుంది, పిల్లి మాస్టారు పాఠాలు చెప్తుంటాడు, విసుగొచ్చి ఆపేయకండి, 13 దాకా వెళ్లండి.