ఆల్ఫా చూసి మురిసిపోకు

అమ్మడూ,

హోటల్ సిబ్బంది ఆదరణను అతిథులు ఎలా చూస్తారో కొలిచే స్కేలు, అంటే ప్రశ్నల పట్టిక, నువ్వే తయారు చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా గర్వంగా అనిపించింది. వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

ముందు పాత స్కేళ్లు చదువు: సేవల నాణ్యతను కొలిచే 1988 నాటి సర్వ్‌క్వాల్, హోటళ్ల కోసం వచ్చిన లాడ్జ్‌సర్వ్, రెస్టారెంట్ల కోసం వచ్చిన డైన్‌సర్వ్. ‘సిబ్బంది మర్యాదగా, త్వరగా స్పందించారు’ అని ఒకే వాక్యంలో రెండు విషయాలు అడగకు. ఫ్యాక్టర్లు, అంటే ఒకే కోవకు చెందిన ప్రశ్నల గుంపులు, ఒక శాంపిల్‌లో కనిపెట్టి, వేరే శాంపిల్‌లో సరిచూసుకో. ఇవి మీ గైడ్ కూడా చెబుతారు.

నా భయమంతా ఆల్ఫా గురించే, అంటే స్కేలులోని ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో చూపే అంకె గురించే. ఒకసారి నేను ఎగ్జామినర్‌గా వెళ్లినచోట ఒకమ్మాయి ఆల్ఫా 0.95 దాటిందని సంతోషంగా చూపించింది. అంశాలు, అంటే స్కేలులోని వాక్యాలు, చదివితే ‘నవ్వుతూ పలకరించారు’, ‘చిరునవ్వుతో ఆహ్వానించారు’, ‘నవ్వుముఖంతో మాట్లాడారు’. అడిగిందే అడిగితే జవాబులు కలవక ఏమవుతాయి? అంశాలు పెరిగినా, అవి ఒకదాన్నొకటి పోలినా ఆల్ఫా పెరుగుతుంది. అర్ధరాత్రి అలసిపోయి వచ్చిన అతిథి అవస్థ ఎవరైనా గమనించారా, ఫిర్యాదు చేస్తే ఓపికగా విన్నారా అన్నది ఆ స్కేలులో ఎక్కడా లేదు. నవ్వి పంపించేసి, పని చేయని హోటల్‌కు కూడా అందులో మంచి మార్కులే వస్తాయి. మొదట్లో ఆ ప్రశ్నలూ రాసుకుందట. తీసేస్తే ఆల్ఫా పెరుగుతుందని సాఫ్ట్‌వేర్ చూపిస్తే ఒక్కొక్కటీ తీసేసింది. ఎంతో కష్టపడిన పిల్ల. డేటా సేకరణ అప్పటికే అయిపోయింది. వైవా తర్వాత వరండాలో ఏడుస్తుంటే ఏం చెప్పాలో నాకు తోచలేదు.

నీకు ఆ పరిస్థితి రాకూడదు తల్లీ. ఆల్ఫా 0.70 దాటితే చాలామంది ఒప్పుకుంటారు, ఇంకా పెంచాలని అర్థాన్ని కోసెయ్యకు. ఒక్క ప్రశ్నయినా రాయకముందే అతిథులతో తీరిగ్గా మాట్లాడు, ముఖ్యంగా అసంతృప్తిగా వెళ్లినవాళ్లతో. ఫ్రంట్ ఆఫీసు, హౌస్‌కీపింగ్ వాళ్లనీ అడుగు. రాశాక, ఏ అంశం ఏ ఫ్యాక్టర్‌కు చెందుతుందో చెప్పకుండా నలుగురు నిపుణులకిచ్చి వాళ్లనే విడదీయమను. వాళ్లు తికమకపడిన చోట నీ వాక్యమో, నీ నిర్వచనమో సరిగా లేదన్నమాట.

ఇంకొకటి, గట్టిగానే చెబుతున్నా. చెక్-అవుట్ హడావిడిలో, సిబ్బంది ఎదుట ఫారాలు నింపించకు. తొందరలో అన్నిటికీ ఒకే అంకె టిక్ పెట్టి పోతారు, మొహమాటానికి మంచిగా రాస్తారు.

డేటా మొదలుపెట్టేముందు అంశాల జాబితా నాకు పంపు. తీసేసినవి కూడా, ఎందుకు తీశావో రాసి పంపు. ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, నేను మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ