హెచ్చరిక స్థాయిని ‘పరిమితి’ అనవచ్చా?

సందేహం: ఫోన్ తీగ మీద ఇంటర్నెట్ అందించే డీఎస్‌ఎల్ పరికరాల వాడుక పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. ‘ట్రాఫిక్ ప్రొఫైల్’ను ‘రద్దీ రూపురేఖ’ అనీ, ‘అలారం ప్రొఫైల్’ను ‘ప్రమాదఘంటిక రూపురేఖ’ అనీ రాశాను. రెండింటిలో నింపే అంకెలనూ ‘పరిమితి’ అన్నాను. ఉదాహరణకు: ‘వేగ పరిమితి 8192 కె.బి.’, ‘లోపాల పరిమితి 60’. ఇవి సరైనవేనా?

సమాధానం: అసలు చిక్కు ‘పరిమితి’తోనే. ట్రాఫిక్ ప్రొఫైల్‌లో గరిష్ఠ వేగం ఇంత అని పెడితే పరికరం అంతకుమించి పోనివ్వదు. ఎక్కువైన డేటా వరుసలో ఆగుతుంది, లేదా రాలిపోతుంది. అది పరిమితే. అలారం ప్రొఫైల్‌లో 60 పెడితే మాత్రం పరికరం దేన్నీ ఆపదు. లెక్క 60కి చేరగానే నిర్వహణ కేంద్రానికి కబురు పంపుతుంది, అంతే. లైను నడుస్తూనే ఉంటుంది, లోపాలూ వస్తూనే ఉంటాయి. మీ వాక్యం చదివిన టెక్నీషియన్, అరవయ్యొకటో లోపాన్ని పరికరమే అడ్డుకుంటుందనుకుంటే తప్పు అతనిది కాదు.

ఇక్కడ ‘హెచ్చరిక స్థాయి’ చక్కగా అతుకుతుంది. వరదనీరు ఫలానా మట్టానికి చేరగానే హెచ్చరిక జారీ చేస్తారు. జారీ చేసినంతలో నీరు ఆగిపోదని మన పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు. క్రియ విషయంలోనూ జాగ్రత్త: ‘దాటితే’ కాదు, ‘చేరితే’. ఏడీఎస్‌ఎల్ (డీఎస్‌ఎల్‌లో ఒక రకం) లైన్ల నిర్వహణకు 1999లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2662 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఈ కబురును స్థాయికి చేరినప్పుడు పంపేదిగానే చెబుతుంది. ‘60 దాటితే’ అంటే 61 అయిపోతుంది.

అదే పత్రంలో 15 నిమిషాల లెక్కకు ఈ అంకె 0 నుంచి 900 దాకా ఉండవచ్చు. 15 నిమిషాలకు 900 సెకన్లే కదా! అంటే లెక్కించేది లోపాలను కాదు, లోపం కనిపించిన సెకన్లను. ఒకే సెకనులో పది లోపాలు వచ్చినా లెక్కకు ఒకటే. కనుక ‘లోపమున్న సెకన్లు’ అనండి. కొందరు రాసే ‘లోప క్షణాలు’ వద్దు. వాడుకలో క్షణానికి కొలత లేదు. ‘స్థాయికి చేరినప్పుడల్లా’ అని కూడా రాయకండి, ఒక్కో 15 నిమిషాల గడువులో లైనుకు ఒక్కసారే కబురు వెళ్తుంది.

0 దగ్గర ఇంకో గొయ్యి ఉంది. ‘ఒక్క లోపాన్నీ సహించదు’ అన్న అర్థం తోస్తుంది గానీ, అక్కడ 0 అంటే ఆ హెచ్చరికను మూసేయడం. ‘0 పెడితే హెచ్చరిక రాదు’ అని విప్పి రాయాల్సిందే.

ఇక పేర్లు. రద్దీ అంటే కిక్కిరిసి ఉండడం. అర్ధరాత్రి ఖాళీగా పడి ఉన్న లైనుకూ ట్రాఫిక్ ప్రొఫైల్ ఉంటుంది. రూపురేఖ అనగానే ముఖం గుర్తొస్తుంది. ఇక్కడ ప్రొఫైల్ అంటే పేరు పెట్టి దాచిన అమరికల కట్ట. ‘అచ్చు’ అందామనిపిస్తుంది కానీ, అచ్చు మార్చినా అంతకుముందు పోసిన బొమ్మలు మారవు. ప్రొఫైల్ మారిస్తే దాన్ని జతచేసిన పోర్టులన్నిటికీ (పరికరంలో లైన్లు తగిలించే చోట్లకు) ఆ మార్పు తగులుతుంది. తెర మీద కనిపించే పేరు కూడా అదే కాబట్టి, ప్రొఫైల్‌ను తెలుగు లిపిలో అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘అమరికల కట్ట’ అని వివరిస్తే చాలు.

దాని పక్కన ‘జతచేయు’ బాగుంటుంది: ‘ప్రొఫైల్‌ను పోర్టుకు జతచేయండి’. జతచేసి ఉన్నదాన్ని చాలా పరికరాలు తొలగించనివ్వవు. ‘తొలగించే ముందు జతచేయబడలేదని నిర్ధారించుకోండి’ అని మెలికలు తిప్పే బదులు, ‘ఆ పోర్టులకు వేరే ప్రొఫైల్ జతచేసి, పాతదాన్ని తొలగించండి’ అనండి. ఏది ముందో ఏది వెనకో ఆ ‘జతచేసి’ అన్న క్త్వార్థకమే చెబుతుంది.

అన్నట్టు, ‘8192 కె.బి.’లో అది బిట్టో బైటో తేలదు. తేడా ఎనిమిది రెట్లు. పైగా కాలం ఊసే లేదు. ‘సెకనుకు 8192 కిలోబిట్లు’ అని పూర్తిగా రాయండి.